ఎనభై ఎనిమిదో పేజీ

1908 మార్చి 4. భస్మ బుధవారం.

ముగ్గురమూ చర్చి నుంచి వచ్చేసరికి నిఘంటువు కార్యాలయం వారి పెట్టె గుమ్మంలో ఉంది. ఈసారి మా వంతుకు వచ్చింది 'వాంట్' అనే క్రియ. రెండు వేల పైచిలుకు చీటీలు, ఒక్కోదాని మీద ఆ మాట వాడిన ఒక వాక్యం, పుస్తకం పేరు, సంవత్సరం, పేజీ. పురికొసతో కట్టిన కట్టలు. ఒక కట్టను ఎలుక కొరికింది.

"నయం, దానికైనా ఈ క్రియ రుచించింది," అంది అగస్టా. నడిమి చెల్లెలు కదా, ప్రతిదానికీ ఒక మాట ఉంటుంది.

పెట్టెతో పాటు నా పేర ఒక ఉత్తరం. కార్యాలయం నడిపే పెల్లో గారు రాశారు. "కుమారి లెటిస్ ఫెయిర్‌బ్రాస్ మా కార్యాలయంలో సహాయకురాలి పనికి దరఖాస్తు పెట్టుకున్నారు. పద్నాలుగేళ్లుగా ఆమె రాసే చీటీలను సరిచూస్తున్నది అక్కగారైన మీరే. ఆమె పని ఎంతవరకు నమ్మదగినదో దాపరికం లేకుండా ఈస్టర్ లోపు తెలియజేయగలరు."

దరఖాస్తు పెట్టుకుంది. నాకు చెప్పలేదు.

అమ్మ పోయినప్పుడు లెటిస్‌కు మూడేళ్లు. ఇప్పుడు ముప్పై తొమ్మిది.

ఉత్తరం ప్రార్థన పుస్తకంలో పెట్టాను. నిజం రాస్తాను. అంతకంటే ఎక్కువా తక్కువా రాయను.

మార్చి 6.

ఈ క్రియను వందల ఏళ్ల కిందట ఓడల మీద వచ్చిన ఉత్తరదేశం వాళ్లు తెచ్చి మా తీరాన దించి పోయారు. మొదట్లో దాని అర్థం లేకపోవడం, తక్కువ కావడం. గోడకు ఒక రాయి తక్కువైనా, మనిషికి బుద్ధి తక్కువైనా ఇదే మాట. మా పనిమనిషి హన్నా ఇప్పటికీ అలాగే వాడుతుంది. ఈ ఉదయమే వంటింట్లోంచి "పెద్దమ్మగారూ, కెటిల్‌కి మూత వాంట్!" అని కేక పెట్టింది. మూత కావాలని కాదు, మూత లేదని.

కోరడం అనే అర్థం చాలా కాలానికి వచ్చి చేరింది. లేనిదాన్ని ఎవరైనా కోరతారులే అని జనం అనుకొని ఉంటారు. నాకు అలా తోచదు. నాకు లేనివి కొన్ని ఉన్నాయి. వాటిని కోరలేదు.

చీటీలు పాతవి ముందు, కొత్తవి వెనక పేరుస్తున్నాను. కోరిక అర్థానికి మా కట్టల్లో ఇంతవరకు అన్నిటికన్నా పాతది ఆన్ రాణి కాలం నాటి చీటీ. ఈ రోజు దాని కింద మరొకటి కనబడింది. లెటిస్ చేతిరాత. ఈ మధ్యే రాసి పెట్టినట్టుంది. సీసపు గని పనివాడి భార్య మార్తా ప్రిన్సెప్ తన అక్కకు రాసిన ఉత్తరాలు, 1694, ఎనభై ఎనిమిదో పేజీ. "పిల్ల సముద్రం చూడాలంటోంది. నేను వద్దంటున్నాను." ఆ 'చూడాలంటోంది' అన్నచోట మన క్రియ.

దాదాపు పదేళ్లు వెనక్కు పోతుంది. ఇది నిలిస్తే నిఘంటువులో ఈ అర్థం కింద మొట్టమొదటి వాక్యం లెటిస్ తెచ్చినదే అవుతుంది. దరఖాస్తుకు అంతకన్నా ఏం కావాలి!

సరైన సమయానికి దొరికింది. మరీ సరైన సమయానికి.

మార్చి 9.

అన్నిటికన్నా ముందు నిలిచే చీటీని రెండో మనిషి పుస్తకంతో సరిచూడాలి. కార్యాలయం నియమం అది. అంతకు ముందు నాన్నగారి నియమం.

మార్తా ప్రిన్సెప్ ఉత్తరాలు నాన్నగారి అరలోనే ఉన్నాయి. ముఖపత్రం మీద 1694 అని స్పష్టంగా ఉంది. ఎనభై ఎనిమిదో పేజీ తీశాను. ఆవుకు జబ్బు చేసిన సంగతి ఉంది. పిల్ల లేదు, సముద్రం లేదు.

పేజీ అంకె పొరపాటు పడి ఉండవచ్చని మొదటి ఆకు నుంచి చివరి ఉత్తరం వరకు చదివాను. ఎక్కడా లేదు.

లెటిస్ పక్క గదిలోనే కూర్చుని కొత్త చీటీలకు కాగితాలు కత్తిరిస్తోంది. కత్తెర చప్పుడు వినబడుతూనే ఉంది. అడగవచ్చు. ఈస్టర్ ముందరి ఈ శ్రమల దినాల్లో ఇంట్లో వాదన ఎందుకని ఊరుకున్నాను.

మార్చి 10.

మళ్లీ చదివాను. లేదు.

మార్చి 13.

యార్క్ నుంచి లెటిస్‌కు ఉత్తరం వచ్చింది. పెద్ద పెద్ద అక్షరాలు, మట్టిరంగు సిరా. ఆమె దాన్ని టీ బల్ల దగ్గర విప్పలేదు. ఏప్రన్ జేబులో వేసుకొని పైకి వెళ్లింది.

"యార్క్‌లో మనకెవరున్నారు?" అన్నాను అగస్టాతో.

"ఆర్చిబిషప్పు ఉన్నాడు. లెటిస్‌ని పెళ్లాడతానని రాశాడేమో."

అగస్టాతో ఏ సంగతీ తేలదు.

మార్చి 14.

సంతరోజు. ఊలు కొనుక్కొస్తానని లెటిస్ పది గంటలకు వెళ్లి మూడు గంటలకు వచ్చింది. ఊలు లేదు. చంకలో బ్రౌన్ కాగితం చుట్టిన పొట్లం ఉంది. పలకంత వెడల్పు.

"ఊలేదమ్మా?"

"మంచి రంగు దొరకలేదక్కా."

మూడేళ్లప్పుడు చక్కెర దొంగిలించి ఇలాగే నా కళ్లలోకి చూస్తూ చెప్పేది.

మార్చి 17.

అటక మీది తోలు పెట్టె దించి తుడవమని చెప్పిందట. హన్నా అడిగింది, "చిన్నమ్మగారు ఏ ఊరు పోతారండీ?" అని. నాకు తెలియదని పనిమనిషికి చెప్పవలసి వచ్చింది.

"మీకు తెలీకుండా ఈ ఇంట్లో పిల్లి కూడా గడప దాటదు కదండీ," అంది. పొగడ్తగానే అంది.

మార్చి 18.

యార్క్ నుంచి రెండో ఉత్తరం. లెటిస్ ఇంట్లో లేదు. వంటింట్లో కెటిల్ మరుగుతూ ఉంటే పక్కనే పెట్టాను. ఆవిరికి కవరు జిగురు ఊడిపోయింది.

"మీరు కోరినట్టే ఈ సంగతి ఎవరి చెవినా వేయలేదు. ఇంకో నెల అయినా మీ దగ్గరే ఉండనీయండి, తొందర లేదు. మీ అక్కగారికి ఎలా చెప్పాలన్నది మీరే చూసుకోవాలి. ఎల్. హోల్‌గేట్."

ఏది ఇంకో నెల ఉండనివ్వాలి? ఉంగరమా?

కవరు మళ్లీ అతికించాను.

తల్లి లేని పిల్ల విషయంలో కొన్ని తెలిసి ఉండాలి. తెలుసుకోవడంలో తప్పు లేదు.

మార్చి 19.

తప్పు లేదు.

మార్చి 22. ఆదివారం.

ప్రార్థనలో మనసు నిలవలేదు. ముందు వరుసలో లెటిస్ మెడ మీద వెంట్రుకలు కొన్ని నెరిసి ఉన్నాయి. ఇంతవరకు చూడలేదు. ఎవడా హోల్‌గేట్, ఈ వయసులో ఏం ఆశపెట్టాడు?

ఒక విషయంలో దాచేది మరో విషయంలో కల్పించదా?

మార్చి 25.

పెల్లో గారికి రాశాను. నాలుగు వాక్యాలు. లెటిస్ చురుకైనది, ఓపిక గలది. పద్నాలుగేళ్లలో ఆమె రాసిన చీటీలలో తప్పులు బహు తక్కువ. అయితే 'వాంట్' కింద 1694 నాటిదిగా ఆమె రాసిన వాక్యం చెప్పిన పుస్తకంలో నాకు ఎక్కడా కనబడలేదు. దానికి కారణం నేను చెప్పలేను.

ప్రతి మాటా నిజం. రాసే ముందు మోకరించాను.

అగస్టా పోస్టాఫీసు వైపు వెళుతోంటే చేతికిచ్చాను. చిరునామా చూసి, నా ముఖం చూసి, ఏమీ అనకుండా వెళ్లింది. అగస్టా ఏమీ అనకపోవడం అరుదు.

మనసు తేలికగా ఉంది.

మార్చి 27.

మనసు తేలికగా ఉంది.

మార్చి 29. మాతృ ఆదివారం.

హన్నా బాదం పూత పెట్టిన కేకు చేసింది. లెటిస్ పూలు కోసి తెచ్చింది. అమ్మ సమాధి మీద సగం పెట్టి, మిగిలిన సగం నా ఒళ్లో పెట్టింది.

"నాకెందుకే?"

"ప్రతి ఏడూ ఇస్తాగా. ఇవాళ కొత్తగా అడుగుతావేం?"

పూలు నీళ్లలో పెట్టాను. రోజంతా ఆ గదిలోకి పోలేదు.

ఏప్రిల్ 2.

కార్యాలయం నుంచి లెటిస్‌కు జవాబు వచ్చింది. ఆమె దాన్ని నిలబడే చదివింది. రెండుసార్లు చదివింది. తర్వాత బల్ల మీద పెట్టి మాకు వినబడేలా అంది:

"నా చీటీ ఒకటి కల్పించిందేమోనని అనుమానం వచ్చిందట వాళ్లకు. అందుకని పని ఇవ్వలేరట. మర్యాదగానే రాశారు." ఆగింది. "అక్కా, నేను దరఖాస్తు పెట్టాను. నీకు చెప్పలేదు. వస్తే చెబుదామనుకున్నాను. రాకపోతే నీకెందుకు ఆ బాధ అనుకున్నాను."

"ఏ చీటీ?" అంది అగస్టా. నన్ను చూడలేదు.

"మార్తా ప్రిన్సెప్‌ది."

"ఆ పుస్తకంలో అది లేదు," అన్నాను. నా గొంతు మామూలుగానే ఉంది.

లెటిస్ పైకి వెళ్లింది. బ్రౌన్ కాగితం పొట్లంతో దిగి వచ్చింది. విప్పింది. నాన్నగారి పుస్తకం లాంటిదే మరొకటి, అట్ట నల్లగా కమిలి ఉంది. ఎనభై ఎనిమిదో పేజీ తీసి నా ముందు పెట్టింది.

పిల్ల సముద్రం చూడాలంటోంది. నేను వద్దంటున్నాను.

"నాన్నగారిది అసలు పుస్తకం కాదక్కా. వందేళ్ల తర్వాత ఎవరో పాదిరీ గారు మార్తా భాష మోటుగా ఉందని దిద్ది, పిల్లల ముచ్చట్లన్నీ తీసేసి మళ్లీ అచ్చు వేయించాడు. ముఖపత్రం మాత్రం పాతదే పెట్టాడు, 1694తో సహా. చివరి ఆకు అడుగున అచ్చు వేసినవాడి పేరు చిన్న అక్షరాల్లో ఉంది. 1811."

నాన్నగారి పుస్తకం చివరి ఆకు తీశాను. ఉంది. ఎన్నో పుస్తకాల చివరి ఆకులు చూసిన కళ్లు ఇవి. నాన్నగారి పుస్తకాన్ని మాత్రం ఎప్పుడూ సరిచూడలేదు.

"మరి ఇది ఎక్కడిది?" అంది అగస్టా.

"యార్క్‌లో పాత పుస్తకాల కొట్టు హోల్‌గేట్ గారిది. అసలు ప్రతి ఉందని మొన్న జనవరిలో ఆమె చేతే ఆ పేజీ రాయించుకుని చీటీ రాశాను. తర్వాత పుస్తకమే అరువిచ్చింది. ముసలావిడ. నాన్నగారి పుస్తకం తప్పని తేలితే అక్క మనసు కష్టపడుతుంది, తొందరపడి చెప్పకండి అని ఆవిడకు కూడా రాశాను."

అక్క మనసు కష్టపడుతుందని.

ఏప్రిల్ 3.

రాయడానికి ఏమీ లేదు.

ఏప్రిల్ 5.

లెటిస్ అగస్టాతో మాట్లాడడం లేదు. ఈ ఉదయం టీ దగ్గర బయటపడింది.

"వాళ్లకు రాసింది నువ్వే కదా చిన్నక్కా? నన్ను చూసి నవ్వుతావు, నా చీటీలు చూసి నవ్వుతావు, అంతటితో ఆగుతావనుకున్నాను. నీ నవ్వులాటకి నా బతుకే దొరికిందా?"

అగస్టా బ్రెడ్డు మీద వెన్న రాస్తూనే ఉంది. అంచు నుంచి అంచు వరకు. నా వైపు చూడలేదు.

నేను కప్పులు తీసి లోపల పెట్టాను.

ఏప్రిల్ 8.

వ్యవహారం చల్లబడ్డాక చెబుదామనుకున్నాను. ఈస్టర్ తర్వాత అయితే మంచిది. పండుగ ముందు ముగ్గురి మనసులూ పాడు చేయడం ధర్మం కాదు.

పేర్చిన చీటీలే మళ్లీ పేర్చాను. లేకపోవడం ఒక కట్ట. కోరడం ఒక కట్ట.

ఏప్రిల్ 10.

తోటలో బట్టలు ఆరేస్తూ అగస్టా అడిగింది.

"ఎన్నాళ్లు మొయ్యమంటావక్కా? నా వీపుకి నీ అంత భక్తి లేదు."

"ఈస్టర్ అయ్యాక—"

"ఒక్క ప్రశ్న. ఈ వాక్యం ఎక్కడిదే లెట్టీ అని ఒక్క ప్రశ్న. పక్క గదిలో ఉంది. ఎందుకు అడగలేదు?"

"శ్రమల దినాల్లో వాదనలు—"

"అబ్బ, దేవుణ్ణి కాసేపు పక్కన కూర్చోనీ అక్కా. ఆయనకీ అలసట ఉంటుంది." దుప్పటి కొస నా చేతికిచ్చింది. పిండాము. "అడిగితే చెప్పేది. నీకు ఆ జవాబు అక్కర్లేదు."

ఆమె తీగ మీద క్లిప్పులు పెట్టుకుంటూ పోయింది.

ఏప్రిల్ 12. మట్టల ఆదివారం.

చర్చిలో అందరితో పాటు నిలబడ్డాను, పాడలేదు. ఇంటికి రాగానే లెటిస్‌ను ముందు గదిలోకి పిలిచాను. అగస్టాను కూడా రమ్మన్నాను.

"పెల్లో గారికి రాసింది అగస్టా కాదు. నేను."

లెటిస్ మొదట నవ్వింది. "నువ్వెందుకు రాస్తావు? నువ్వు అబద్ధం చెప్పవుగా."

"చెప్పలేదు. పుస్తకంలో కనబడలేదని రాశాను. అది నిజమే."

"నిజమా!"

అలాంటి గొంతు ఆమె నోట ఎప్పుడూ వినలేదు. హన్నా వంటింట్లో గిన్నె కింద పెట్టిన చప్పుడైంది.

మిగిలినది కూడా చెప్పాను. యార్క్ ఉత్తరం ఆవిరి మీద పెట్టిన సంగతి. హోల్‌గేట్ ఎవరో మగవాడని, అతనితో వెళ్లిపోతుందని అనుకున్న సంగతి.

"మీసాలున్న మనిషి అనుకున్నావా?" అంది లెటిస్. "ఉన్నాయిలే, కాస్త. డెబ్భై ఏళ్ల ముసలమ్మకి." నవ్వుతూ మొదలుపెట్టిన మాట నవ్వుతో పూర్తి కాలేదు. తర్వాత అగస్టా దగ్గరకు వెళ్లి ఆమె ముంజేయి పట్టుకుంది. "చిన్నక్కా, నీకు తెలుసా?"

"పోస్టులో వేసింది నేనే."

"మరి నన్ను అన్నన్ని మాటలు అననిచ్చావేం?"

"నువ్వు తిట్టడం ఎలా ఉంటుందో ఎప్పుడూ వినలేదు. బాగానే తిడతావు."

వాళ్లిద్దరూ ఒకరినొకరు పట్టుకుని నిలబడ్డారు. నేను కుర్చీలో కూర్చుని ఉన్నాను. నన్ను ఎవరూ తిట్టలేదు.

ఇక్కడ నా కోసమే రాసుకుంటున్నాను కనుక రాస్తాను. అది కల్పన అని నమ్మి పెల్లో గారికి రాయలేదు. కల్పన అయితే బాగుండునని రాశాను. ఉత్తరం వచ్చిన బుధవారం నుంచే అటువంటిది ఏదో ఒకటి దొరకాలని చూస్తూ ఉన్నాను. ఆమె వెళ్లకూడదని కోరుకున్నాను. కోరలేదని రాసిన పేజీ వెనక్కు తిప్పి చూశాను. కొట్టివేయను.

ఏప్రిల్ 13.

పెల్లో గారికి రెండో ఉత్తరం. పుస్తకం సంగతి, మరుముద్రణ సంగతి, 1811 సంగతి. చీటీ సరైనదని. తప్పు నాదని. "నా చెల్లెలిని ఒక్క మాట అడిగి ఉంటే ఈ తప్పు జరిగేది కాదు. అడగకపోవడానికి ఆమె పనిలో లోపం కారణం కాదు, అది నాలోనిది. ఆమె వెళ్లడం నాకు ఇష్టం లేకపోయింది."

చివరి వాక్యం అవసరమా అని చాలాసేపు ఆలోచించాను. లెటిస్‌కు చదివి వినిపించి, "ఇది ఉంచనా?" అని అడిగాను.

"ఉంచు," అంది. అంతే అంది.

పోస్టాఫీసుకు నేనే వెళ్లాను.

ఏప్రిల్ 17. శుభ శుక్రవారం.

మూడు గంటలు చర్చిలో ఉన్నాను. ఏమీ అడగలేదు.

ఏప్రిల్ 18.

రెండు ఉత్తరాలు. ఒకటి లెటిస్‌కు. వచ్చే సోమవారం కాక ఆపై సోమవారం పనిలో చేరమని. రెండోది నాకు. పెల్లో గారు నా నిజాయితీకి కృతజ్ఞతలు తెలిపారు. 'వాంట్' పెట్టెను ఉన్నది ఉన్నట్టు తిప్పి పంపమన్నారు, మిగిలిన పని వేరొకరు చూస్తారు. ఇకపై పెట్టెలు పంపే విషయం తర్వాత ఆలోచిస్తామన్నారు.

న్యాయమే.

పద్నాలుగేళ్లుగా భోజనాల బల్ల సగం చీటీలకే పోయేది. సాయంత్రానికి బల్ల మొత్తం ఖాళీ అయింది. అగస్టా అటూ ఇటూ చూసి, "ఇంత పెద్ద బల్లా మనది?" అంది.

ఏప్రిల్ 19. ఈస్టర్.

ముగ్గురమూ ఒకే వరుసలో కూర్చున్నాము. లెటిస్ మధ్యలో కూర్చోలేదు. అగస్టాను మధ్యలో కూర్చోబెట్టింది.

ఏప్రిల్ 23.

లెటిస్ పెట్టె సర్దుకుంటోంది. ఊలు మేజోళ్లు రెండు జతలు అల్లి ఇచ్చాను. తీసుకుంది. నాన్నగారి మార్తా ప్రిన్సెప్ కూడా ఇవ్వబోయాను.

"వద్దక్కా. అది తప్పు పుస్తకం."

"తెలుసు."

కాసేపు దాన్ని చేతిలో పట్టుకుని చూసి అరలో పెట్టేసింది.

ఏప్రిల్ 26. ఆదివారం.

కార్యాలయం వారు అద్దె గది చూసి పెట్టారట. కిటికీ తూర్పు వైపు ఉంటుందని లెటిస్ అగస్టాతో చెబుతుంటే విన్నాను. నాతో కూడా చెబుతుందేమోనని చూశాను. చెప్పలేదు.

ఏప్రిల్ 27.

తొమ్మిదిన్నర బండి. అగస్టాకు జలుబు చేసి ఇంటి గుమ్మం దగ్గరే వీడ్కోలు చెప్పింది. "అక్కడ నాలాంటిది ఒకతి ఉంటే దాంతో జాగ్రత్తగా ఉండు," అంది. ఇద్దరూ ముక్కులు చీదుకున్నారు. స్టేషన్‌కు నేనొక్కదాన్నే వెళ్లాను.

పోర్టరు పెట్టె ఎక్కించాడు. లెటిస్ కిటికీ దించి తల బయటికి పెట్టింది. టోపీకి కొత్త రిబ్బను ఉంది.

"అక్కా, ఒకటి అడుగుతాను. ఆ రోజు నా దగ్గరికొచ్చి అడిగి ఉంటే ఏం అడిగేదానివి? వాక్యం ఎక్కడిది అనా?"

"కాదు."

"మరి?"

ఇంజను ఆవిరి వదిలింది. అరిచి చెప్పవలసి వచ్చింది. జీవితంలో మొదటిసారి ఒక స్టేషన్‌లో, పోర్టరు వింటుండగా.

"వెళ్లొద్దని అడిగేదాన్ని!"

లెటిస్ కిటికీలోంచి ఇంకాస్త ముందుకు వంగింది.

"అడిగి ఉంటే ఉండిపోయేదాన్నేమో," అంది.

బండి కదిలింది. ఆమె చెయ్యి ఊపింది. నేనూ ఊపాను.

నడిచే ఇంటికి వచ్చాను. ఆ మాట నిజమో, నాకు తగలాలని అన్నదో తెలియదు. అలవాటు కొద్దీ అటు తిప్పీ ఇటు తిప్పీ చూశాను. మాట తీరు, ముఖం, బండి కదిలే సమయం. వంతెన దగ్గర ఆగి ఆ లెక్క మానేశాను.

ఆమె చెప్పింది. నమ్ముతాను. నమ్మితే ఎక్కువ నొప్పి, అయినా నమ్ముతాను.